ముందద్దం మీద పసుపు స్టిక్కర్: మెల్బోర్న్‌లో ఒక డిఫెక్ట్ నోటీసు కేసు

శనివారం పొద్దున్నే షెడ్డు షట్టర్ ఎత్తేసరికి గేటు బయట ఎర్ర టొయోటా 86 ఒకటి ఆగి ఉంది. ముందద్దం మీద పసుపు స్టిక్కర్. లోపల కుర్రాడు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. అద్దం మీద తట్టితే ఉలిక్కిపడి లేచాడు. ట్రుగనీనాలో గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చేశాడట.

"అన్నా, ఈ స్టిక్కర్ ఇవాళే తీయించెయ్యాలి. ఎంతవుతుంది?"

స్టిక్కర్ తీయించడమంటే పంచర్ వేయించినంత పని అనుకుని వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. అయినా ఈ కేసు వివరంగా రాయాలనిపించింది. వేర్వేరు బండ్లలో ఒక్కొక్కటిగా కనిపించే తప్పులన్నీ ఈ ఒక్క బండిలోనే దొరికాయి. పైగా మధ్యలో నేనూ ఒక పొరపాటు చేశాను. కుర్రాడిది ఖమ్మం దగ్గర ఊరు. రాసుకోమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

నేను బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు మెల్బోర్న్ పడమటి శివార్లలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. విక్టోరియా రాష్ట్రంలో రోడ్‌వర్తీ సర్టిఫికెట్ ఇచ్చే లైసెన్స్ ఉంది. అందరూ దాన్ని ఆర్‌డబ్ల్యూసీ అంటారు.

నోటీసులో ఏముంది

బండి రోడ్డు మీద తిరిగే స్థితిలో లేదని పోలీసులకు అనిపిస్తే డిఫెక్ట్ నోటీసు రాసి, అద్దానికి స్టిక్కర్ అంటిస్తారు. ఇక్కడి పాతకాపులు పసుపు స్టిక్కర్‌ని కెనరీ అంటారు, ఆ పసుపు పిట్ట పేరే. మైనర్ డిఫెక్ట్ అయితే నోటీసులో రాసిన గడువు దాకా నడుపుకోవచ్చు. మేజర్ అయితే బండిని టో చేయించుకోవాల్సిందే. స్టిక్కర్‌ని మనంతట మనం పీకకూడదు. పీకితే అది ఇంకో కేసు. కొందరు దీన్ని హూన్ చట్టంతో కలిపేసి కంగారు పడతారు. బండి సీజ్ చేసి 30 రోజులు లోపల పెట్టేది ఆ చట్టం కింద. అది బండి నడిపిన తీరు గురించి. డిఫెక్ట్ నోటీసు బండి గురించి.

కుర్రాడి చేతిలోని కాగితం మైనరే. నాలుగు అంశాలున్నాయి: ముందు భాగం నేలకు మరీ దగ్గరగా ఉంది, టైర్లు మడ్‌గార్డు దాటి బయటికొచ్చాయి, ముందు డోర్ల అద్దాలు మరీ నల్లగా ఉన్నాయి, సైలెన్సర్ మోత ఎక్కువగా ఉంది. క్లియర్ చేయించుకోవాలంటే ఆర్‌డబ్ల్యూసీ తేవాలని కింద రాసి ఉంది. కుర్రాడు చదవని లైను అదొక్కటే. అసలు పనంతా దాంట్లోనే ఉంది. ఆర్‌డబ్ల్యూసీ కావాలంటే కాగితంలోని నాలుగూ సరిచేస్తే చాలదు, బండి మొత్తం పరీక్షలో నెగ్గాలి. పోలీసు టార్చి లైటు వేసి చూసింది నాలుగు. నేను లిఫ్ట్ ఎక్కించి చూస్తే ఎన్ని బయటపడతాయో ఎక్కించేదాకా తెలియదు.

"ఆ ఆఫీసర్ మన మొహం చూసే ఆపాడన్నా" అన్నాడు. అక్కడ నేను లేను కాబట్టి అవుననీ కాదనీ అనలేను. "తమ్ముడూ, ఎందుకు ఆపాడో నాకు తెలియదు. రాసింది మాత్రం కొలతలు. అదే కొలత నేనూ తీస్తాను, తేడా వస్తే అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

తేడా రాలేదు.

ఫ్రీగా వచ్చిన సామాన్లు

బండి కొన్న కథ విన్నాక అసలు సంగతి తెలిసింది. అమ్మినవాడూ మనవాడే. వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ అమ్మాడు. ఇక్కడ రిజిస్ట్రేషన్‌తో ఉన్న బండి అమ్మాలంటే ఆర్‌డబ్ల్యూసీ ఉండాలి. అతను పద్ధతిగానే తెచ్చాడు. రేటు దగ్గర బేరం తెగక, "ధర తగ్గించను గానీ నా కాయిలోవర్లు, రిమ్ములు, పైపు ఫ్రీగా బిగించి ఇస్తాను" అన్నాడట. కాయిలోవర్లంటే బండి ఎత్తు తగ్గించుకోవడానికి వీలున్న స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్లు. మనవాడు ఎగిరి గంతేశాడు. అంటే టెస్టర్ చూసిన బండి వేరు, ఇతను ఇంటికి తెచ్చుకున్న బండి వేరు. వాట్సాప్‌లో మొదట వచ్చిన ఫొటోలు చూపించమన్నాను. అందులో కంపెనీ రిమ్ములే ఉన్నాయి.

మార్పులు ఎవరు చేశారన్నది పోలీసుకు అనవసరం. నడుపుతున్నది ఎవరు, బండి ఎవరి పేరున ఉంది అన్నదే చూస్తారు.

న్యూ సౌత్ వేల్స్‌లో అయిదేళ్లు దాటిన బండికి ఏటా పింక్ స్లిప్ పరీక్ష ఉంటుంది. విక్టోరియాలో అలాంటిది లేదు. కొన్నప్పుడు, రిజిస్ట్రేషన్ పోయి మళ్లీ చేయించుకునేటప్పుడు, ఇలా నోటీసు పడినప్పుడు మాత్రమే రోడ్‌వర్తీ అడుగుతారు. ఆ సర్టిఫికెట్ చెల్లుబాటు కూడా 30 రోజులే. అందుకే ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా తిరిగే బండ్లుంటాయి. మన దగ్గర సుప్రీంకోర్టు 2012లో చెప్పాక హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీదే బ్లాక్ ఫిల్ములు చింపేశారు, గుర్తుందా? ఇక్కడ చింపరు. కాగితం చేతిలో పెట్టి, పని నీ మీదే వేస్తారు.

86నే ఎందుకు కొన్నావంటే, "గ్రీన్ పీ ఉన్నా నడపొచ్చు కదన్నా" అన్నాడు. నిజమే. ఇక్కడ గ్రీన్ పీ లాంటి ప్రొబేషనరీ, అంటే కొత్త డ్రైవర్ల లైసెన్స్ వాళ్లు టన్నుకు 130 కిలోవాట్లు దాటిన బండి నడపకూడదు. 86 ఇంజను 147 కిలోవాట్లు, బరువు టన్నుంబావు దరిదాపు, కాబట్టి హద్దులోనే ఉంటుంది. అయితే పవర్ పెరిగేలా ఇంజను మార్చినా ఆ లైసెన్స్‌తో నడపకూడదు. అది ఇతనికి తెలియదు. అందుకే ముందు ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్ చూశాను. ఫ్యాక్టరీదే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

లిఫ్ట్ ఎక్కించాక

ముందు నేల మీదే కొలిచాను. పాత ప్యాలెట్ నుంచి కోసి పెట్టుకున్న చెక్కముక్క ఒకటి నా దగ్గరుంది, ఎత్తు సరిగ్గా 100 మిల్లీమీటర్లు. ఇరుసుకు ముందూ వెనకా మీటరు దూరం లోపల బండి ఏ భాగమూ నేలకు అంతకంటే దగ్గరగా ఉండకూడదు. చెక్కముక్కని బంపర్ కిందికి తోస్తే పెదవి దగ్గరే ఆగిపోయింది. టేపు పెట్టి చూస్తే 82.

టింట్ మీటర్ పెడితే ముందు డోరు అద్దం 26 శాతం చూపించింది. ముందు డోర్లకు కనీసం 35 శాతం వెలుతురు లోపలికి రావాలి. కుర్రాడు ఇక్కడ నిజంగా నొచ్చుకున్నాడు. "35 ఫిల్మే కొన్నానన్నా, బిల్లు కూడా ఉంది." బిల్లు నిజమే, ఫిల్మూ 35దే. కానీ ఫిల్మ్ లేకపోయినా కారు అద్దం వచ్చిన వెలుతురునంతా వదలదు. ఈ అద్దం ఒక్కటే 75 వదులుతోంది. 75లో 35 శాతం అంటే 26. ఆన్‌లైన్‌లో ఫిల్మ్ కొని ఇంట్లో అంటించుకునేవాళ్లు పడే గోతి ఇదే. కొట్టులో మనిషి అయితే ముందు అద్దాన్ని కొలిచి ఫిల్మ్ ఇస్తాడు.

తర్వాత లిఫ్ట్ ఎక్కించాను. నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతుండగా ముందు ఎడమ స్ప్రింగుని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాను. తిరిగింది. చేతి గాజులా వదులుగా గలగలమంది. బండిని కిందికి దించడానికి స్ప్రింగు కూర్చునే కాలర్ రింగుని తిప్పుకుంటూ పోయారు, స్ప్రింగుకు పట్టు లేకుండా పోయింది. పెద్ద గోతిలో పడి చక్రం వేలాడితే స్ప్రింగు దాని చోటు నుంచి జరిగి కూర్చోవచ్చు. బండి ఎంత తగ్గించినా, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు తన చోట్లో బిగిసి ఉండాలి. పోలీసు కాగితంలో ఇది లేదు. నన్నడిగితే మొత్తం బండిలో ప్రమాదకరమైనది ఇదే.

రెండోది టైరు. బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. లోపలి అంచున చెయ్యి పెడితే వేలికి తీగ గుచ్చుకుంది. బండి కిందికి దిగి చక్రాలు లోపలికి వాలడంతో, ఆ అంచు మీదే బరువంతా పడి తీగ తేలేదాకా అరిగింది. రూలు ప్రకారం కనీసం 1.5 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. ఇక్కడ లోతు మాట అటుంచి రబ్బరే లేదు. ఆ టైరు చూపించాక కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. ముందు వారం అదే టైర్ల మీద జీలాంగ్ దాకా ఫ్రీవే మీద వెళ్లొచ్చాడట, వెనక సీట్లో ఇద్దరు రూమ్మేట్లతో.

ఇంకా ముందు బ్రేకు హోస్ బ్రాకెట్‌కు బోల్టు లేదు, ప్లాస్టిక్ టై కట్టి ఉంది. హ్యాలోజన్ హెడ్‌లైట్‌లో ఎల్ఈడీ బల్బులు పెట్టారు. ఎగ్జాస్ట్‌లో ముందు పైపు క్యాట్ లేనిది, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ లేనిది. ఈ బండిలో ఒక కెటలిటిక్ కన్వర్టర్ ఇంజను దగ్గర హెడర్‌లో, రెండోది ముందు పైపులో ఉంటాయి. రెండోదాన్ని తీసేశారు. మోత అక్కడి నుంచే. కాగితంలో శబ్దం అని మాత్రమే ఉంది గానీ, క్యాట్ తీసేయడం దానికదే తప్పు.

కాగితంలో నాలుగు. నా షీటు మీద తొమ్మిది.

ఇంజనీరు సంతకం పెడతాడా

కుర్రాడు ఆదివారమంతా ఫోనులో చదివి సోమవారం ఒక ఐడియాతో వచ్చాడు. "అన్నా, వాస్ ఇంజనీరు దగ్గరికెళ్తే అన్నింటికీ సర్టిఫికెట్ ఇస్తాడట కదా, అప్పుడు ఏదీ తీయక్కర్లేదు."

వాస్ అంటే బండిలో చేసిన మార్పులను పరిశీలించి ఆమోదించే ఇంజనీర్ల పథకం. ఇంజను మార్చినా, సీట్లు పెంచినా, చాసిస్ కోసినా వాళ్ల సర్టిఫికెట్ కావాలి. మంచి వ్యవస్థే. అయితే ఇంజనీరు రూలుకు లోబడి సంతకం పెడతాడు, రూలుని చెరపడానికి పెట్టడు. నాకు తెలిసిన ఇంజనీరుకు ఫోన్ చేసి రిమ్ముల కొలతలు చదివాను. మధ్యలోనే ఆపి, "ట్రాక్ ఎంత పెరిగిందో నువ్వే లెక్కేసుకుని చెప్పు" అన్నాడు.

ట్రాక్ అంటే ఎడమ, కుడి చక్రాల నడిమి గీతల మధ్య దూరం. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేశాను. ఈ లెక్క తెలిస్తే రిమ్ములు కొనేవాళ్లు సగం గొడవలు తప్పించుకుంటారు. కంపెనీ రిమ్ము 17 అంగుళాలు, వెడల్పు 7, ఆఫ్‌సెట్ 48. బిగించినది 18 అంగుళాలు, వెడల్పు తొమ్మిదిన్నర, ఆఫ్‌సెట్ 22. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడిమి గీతకూ, హబ్‌కు బిగించే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అది ఎంత తగ్గితే చక్రం నడిమి గీత అంత బయటికి జరుగుతుంది. 48లోంచి 22 తీసేస్తే 26. రెండు వైపులా కలిపితే ట్రాక్ 52 మిల్లీమీటర్లు పెరిగింది. ఇలాంటి కారుకు 25 దాటకూడదు. ఇక వెడల్పు రెండున్నర అంగుళాలు ఎక్కువ కాబట్టి అందులో సగం, అంటే ఇంకో 32 మిల్లీమీటర్లు బయటి వైపుకొస్తుంది. అన్నీ కలిపి రిమ్ము పెదవి ఒక్కో పక్క 58 మిల్లీమీటర్లు బయటికి. టైరు మడ్‌గార్డు దాటిందని పోలీసు కంటితో చూసి రాసింది ఇదే.

"మరి ఏ రిమ్ము వేసుకోవచ్చు?" అన్నాడు. 18కి 8, ఆఫ్‌సెట్ 38 అనుకుందాం. ట్రాక్ 20 పెరుగుతుంది, పర్వాలేదు. దానికి 225/40 టైరు వేస్తే మొత్తం చక్రం ఎత్తు 637 మిల్లీమీటర్లు. కంపెనీ 215/45 టైరుతో 625. పన్నెండు మిల్లీమీటర్ల తేడా, అదీ హద్దులోనే. బండి చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎవరూ ఆపరు. మార్పులు చేయించుకోవద్దని నేనెవరికీ చెప్పను. నా సొంత బండికీ వేరే రిమ్ములున్నాయి. కొనే ముందు ఈ రెండు తీసివేతలు చేసుకోమంటాను, అంతే.

కాయిలోవర్ల విషయంలోనూ అంతే. తగ్గించడం నేరం కాదు. నేలకు 100 మిల్లీమీటర్లు ఉండాలి, స్ప్రింగు బిగిసి ఉండాలి, సస్పెన్షన్ కదిలే దూరం కంపెనీ ఇచ్చినదాంట్లో మూడో వంతుకు మించి తగ్గకూడదు. ఇవి కుదిరితే ఇంజనీరుతో పనే లేదు. అందుకే మా నిర్ణయం ఇది: కాయిలోవర్లు ఉంచి పైకి లేపడం, మిగతావన్నీ పాతవి బిగించడం.

పాత సామాన్ల వేట

పాతవి ఎక్కడ? అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "నేనున్న షేర్ హౌస్ గరాజ్‌లోనే వదిలేశానన్నా" అన్నాడు. కుర్రాడు హాపర్స్ క్రాసింగ్‌లో ఆ ఇంటికి వెళ్లాడు. రెండు చక్రాలు పెరట్లో పడి ఉన్నాయి. మిగతా రెండూ హాల్లో ప్లైవుడ్ కింద టీవీ స్టాండుగా ఉద్యోగం చేస్తున్నాయి. ఆ ఇంటి కుర్రాళ్లు క్రికెట్ మ్యాచ్ అయ్యేదాకా ఇవ్వం అన్నారట. ఇన్నింగ్స్ బ్రేక్‌లో ఒప్పించి, టీవీని కుర్చీ మీద పెట్టించి తెచ్చుకున్నాడు.

రిమ్ములు భేషుగ్గా ఉన్నాయి. టైర్లు పనికిరావు. పక్క గోడ మీద తేదీ కోడ్ 2316, అంటే 2016లో 23వ వారం తయారీ. ఎండకు పగుళ్లిచ్చాయి. కొత్త టైర్లు నాలుగూ తప్పలేదు. క్యాట్ ఉన్న ముందు పైపు రెకర్ దగ్గర, అంటే మన పాత సామాన్ల కొట్టు లాంటి దాంట్లో దొరికింది. ఫిల్ముని కుర్రాడే హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి పీక్కున్నాడు. జిగురు పోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక నా పొరపాటు. కాలర్లు సరిచేసి, స్ప్రింగులు బిగించి, అలైన్‌మెంట్ చేయించి, లిఫ్ట్ దించి కొలిస్తే 106 వచ్చింది. చాలనుకున్నాను. సర్టిఫికెట్ ఇంకా రాయలేదు, ముందు శబ్దం సంగతి తేలాలి కాబట్టి ఎగ్జాస్ట్ నాయిస్ టెస్ట్ చేసే ఆమోదిత టెస్టర్ దగ్గరికి పంపాను. అక్కడ సైలెన్సర్ నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి కొలుస్తారు. హద్దు కన్నా మూడు డెసిబెల్స్ తక్కువ వచ్చింది. కుర్రాడు సంబరంగా, ఫ్రెండుని పక్కన కూర్చోబెట్టుకుని, ట్యాంకు నింపుకుని తిరిగొచ్చాడు. సర్టిఫికెట్ రాసే ముందు అలవాటుగా చెక్కముక్క తోశాను.

దూరలేదు. టేపు పెడితే 97.

లిఫ్ట్ దిగిన బండి కాస్త పైకే నిలబడుతుంది. నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ దొర్లితే గానీ స్ప్రింగు కూర్చోదు. పైగా నేను మొదట కొలిచినప్పుడు ట్యాంకు ఖాళీ, లోపల మనిషి లేడు. ఈ పాఠం నేర్పు ఉన్నవాడికి చెప్పాల్సిన పని లేదు, కానీ శుక్రవారం సాయంత్రం, బయట ఇంకో మూడు బండ్లు, తొందరలో కొలిచేశాను. రోడ్డు మీద ఆపిన పోలీసు, బండి ఎలా ఉంటే అలాగే కొలుస్తాడు, దొర్లించి చూడడు. కుర్రాడికి సారీ చెప్పి మళ్లీ ఎక్కించాను. ఈసారి అతన్ని సీట్లో కూర్చోబెట్టి, బండిని వీధి చివరి దాకా తిప్పి తెచ్చి, ముందు 118 వచ్చేలా పెట్టాను. ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ రెండోసారి చేయించాలి. ఆ డబ్బులు నేనే పెట్టుకున్నాను.

లెక్క తేలాక

స్టిక్కర్ పడిన పదమూడో రోజున ఆర్‌డబ్ల్యూసీ ఇచ్చాను. దాన్ని నోటీసుతో పాటు పట్టుకెళ్లి క్లియర్ చేయించుకున్నాడు. టైర్లు, పైపు, రెండు పరీక్షల ఫీజు, నా కూలీ అన్నీ కలిపి 1,700 డాలర్లకు కాస్త తక్కువ. ఫైన్ వేరే. నోటీసు క్లియరైతే ఫైన్ కూడా పోతుందనుకున్నాడు పాపం. రెండింటికీ సంబంధం లేదు. ఫైన్ కట్టాలి, ఒప్పుకోకపోతే కోర్టుకెళ్లాలి. కట్టేశాడు. తొమ్మిదిన్నర రిమ్ములు అమ్మితే ఖర్చులో కొంత వెనక్కి వచ్చింది. కొన్నవాడికి ఆఫ్‌సెట్ ఎంతో చెప్పే అమ్మానన్నాడు.

ఇన్సూరెన్స్ సంగతి చివర్లో అడిగాను. కొన్నప్పుడు బండి స్టాక్ అని ఫారంలో టిక్ పెట్టాడట. కాయిలోవర్లు ఇంకా బండి మీదే ఉన్నాయి కాబట్టి నా ముందే కంపెనీకి ఫోన్ చేయించి చెప్పించాను. ప్రీమియం కొద్దిగా పెరిగింది. రేపు ఏదైనా జరిగి, చెప్పని మార్పు బయటపడి, క్లెయిమ్ ఆపేస్తే ఆ నష్టం ముందు ఇదెంత.

నా ఫైలులో ఈ బండి పేజీ చివర ఇలా ఉంది: ముందు 118, వెనక 124, డ్రైవర్‌తో, ఫుల్ ట్యాంకు. ఆరు నెలలకు స్ప్రింగులు చూడాలి.

మూడు నెలలకే వచ్చాడు, బండి లేకుండా, రైల్లో. ఫ్రెండొకడు సుబారు కొంటున్నాడట, ముందు ఒకసారి చూసొస్తానని నా చెక్కముక్క అడిగాడు. ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు. మొన్న ప్యాలెట్ నుంచి ఇంకోటి కోసుకున్నాను.